సైలెంట్ హంటర్ 3లో మోడ్లు: ఎంపిక నుంచి తొలి గస్తీ దాకా

ఆటగాణ్ణి జర్మన్ యూ-బోట్ (జలాంతర్గామి) కమాండర్‌గా అట్లాంటిక్‌లోకి దింపే సైలెంట్ హంటర్ 3ను యుబిసాఫ్ట్ 2005 మార్చిలో విడుదల చేసింది. ఆట పాతబడినా ఆడేవాళ్లు ఇంకా ఉన్నారంటే అది మోడ్ల, అంటే అభిమానులు తయారుచేసి ఆటకు చేర్చే మార్పుల చలవే. ఓడలు, రేవులు, విమానాలు, సముద్రపు రంగు, ఇంజిన్ చప్పుడు, టార్పిడో తగిలిన ఓడ మునిగే తీరు... అభిమానులు చెయ్యి పెట్టని భాగం ఇందులో దాదాపు మిగల్లేదు. కొత్తగా వచ్చినవారు కంటికి ఇంపుగా కనిపించిన మోడ్లన్నీ దించుకుని, ఒకదాని మీద ఒకటి కుమ్మరించి, చివరికి ఆట తెరుచుకోకపోతే చేతులెత్తేస్తుంటారు. వాటిని ఏ వరుసలో పేర్చాలో తెలిస్తే ఈ తిప్పలు చాలావరకు ఉండవు. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ వరుస గురించే. మిగతా జలాంతర్గామి ఆటల్లో ఉండే తేడాలు చివర్లో ఉన్నాయి.

## మోడ్ లోపల ఏముంటుంది

ఆట ఫోల్డర్ తెరిస్తే అందులో డేటా అనే పెద్ద ఫోల్డర్ కనిపిస్తుంది. ఓడలు సీ ఫోల్డర్లో, జలాంతర్గాములు సబ్‌మెరైన్ ఫోల్డర్లో, తెర మీది బొమ్మలూ గడియారాలూ మెనూ ఫోల్డర్లో, శత్రువు చూపు, వినికిడి ఎంత దూరం పనిచేయాలో చెప్పే ఫైళ్లు కాన్ఫిగ్, లైబ్రరీ ఫోల్డర్లలో ఉంటాయి. సముద్రం మీద ఏ నెలలో ఏ కాన్వాయ్ (గుంపుగా సాగే ఓడల వరుస) ఎటు పోవాలో క్యాంపెయిన్ ఫోల్డర్లో రాసి ఉంటుంది.

మోడ్ చేసే పని చాలా మొరటుది. అదే పేరుతో ఉన్న మరో ఫైలును తెచ్చి పాత ఫైలు స్థానంలో పెడుతుంది, అంతే. రెండు మోడ్లు ఒకే ఫైలులో చెరొక మూల మార్చినా ఆ రెండు మార్పులూ కలిసిపోవు. తర్వాత వచ్చినది ముందు వచ్చినదాన్ని పూర్తిగా చెరిపేస్తుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ దీన్నుంచి పుట్టినవే.

## ముందుగా తేల్చుకోవలసింది: మీకు ఏ యుద్ధం కావాలి

మోడ్ల జాబితా చూసేముందు ఆటలోనే ఉన్న రియలిజం ఆప్షన్లను ఒకసారి తెరిచి చూడండి. పేలని టార్పిడోలు, పరిమిత బ్యాటరీ, పరిమిత ఇంధనం, మరమ్మతుకు నిజంగా పట్టే సమయం, ఓడలు నెమ్మదిగా మునగడం, మ్యాప్‌లో శత్రువు జాడ కనిపించకపోవడం, గురిని చేతితో లెక్కగట్టుకోవడం వంటివి ఏ మోడ్ అవసరం లేకుండానే అక్కడ ఉన్నాయి. చాలామంది మోడ్ కోసం వెతికే కష్టం సగం ఈ ఆప్షన్లతోనే దొరుకుతుంది. కనీసం రెండు మూడు గస్తీలు మూల ఆటలో తిరిగి, ఏది వెలితిగా అనిపించిందో గుర్తుపెట్టుకోండి. ఆ వెలితిని బట్టే ఎంపిక.

ఇక్కడ సంవత్సరం కూడా ముఖ్యం. 1940లో యూ-బోట్లు రాత్రివేళ నీటి పైనే కాన్వాయ్ మధ్యకు చొచ్చుకుపోయేవి. ఆ ఏడాది ఏప్రిల్‌లో నార్వే దగ్గర వాటి టార్పిడోలు వరుసగా విఫలమై సిబ్బంది తలలు పట్టుకున్నారు. 1942 వేసవి నుంచి బ్రిటిష్ విమానాలు లీ లైట్ అనే శక్తిమంతమైన దీపంతో రాత్రిపూట కూడా వేటాడాయి. 1943 మే నెలలో ఒక్క నెలలోనే 40కి పైగా యూ-బోట్లు పోయాయి. మంచి పెద్ద మోడ్ ఈ మార్పునంతా ఆటలోకి తెస్తుంది. మీరు యుద్ధం తొలి ఏళ్లు మాత్రమే ఆడదలిస్తే శత్రువు రాడార్‌ను నిక్కచ్చిగా తీర్చిదిద్దిన మోడ్ కోసం అల్లాడనవసరం లేదు. 1943 తర్వాత కూడా బతికి బయటపడాలన్న పంతం ఉంటే చూడవలసింది అదే.

పునాదిగా వేసుకోదగిన పెద్ద మోడ్లు సైలెంట్ హంటర్ 3కి ప్రధానంగా మూడు. గ్రే వుల్వ్స్ ఎక్స్‌పాన్షన్ 3.0ను అందరూ జీడబ్ల్యూఎక్స్ అంటారు. ఇది ప్రపంచాన్నే పెద్దది చేస్తుంది: రకరకాల వర్తక నౌకలు, కదలికతో కళకళలాడే రేవులు, విమాన స్థావరాలు, మొండిగా వెంటాడే ఎస్కార్ట్‌లు (కాపలా యుద్ధనౌకలు). ఎన్‌వైజీఎమ్ అనేది వేరే మనస్తత్వం గల మోడ్. మూల ఆటలో ఓడకు కొన్ని హిట్ పాయింట్లు ఉంటాయి, అవి అయిపోతే మునుగుతుంది. ఎన్‌వైజీఎమ్‌లో ఓడను ముంచేది లోపలికి చేరే నీరు. టార్పిడో తగిలాక గంటల తరబడి ఒరిగిపోతూ, ఒక్కోసారి తప్పించుకుపోతూ మిమ్మల్ని ఎదురుచూసేలా చేస్తుంది. మూడోది లివింగ్ సైలెంట్ హంటర్. జర్మన్ అభిమానుల చేతిలో పెరిగిన ఈ మోడ్‌లో యూ-బోట్ లోపలి వాతావరణం మీద శ్రద్ధ ఎక్కువ.

మొదటిసారి మోడ్ వేసుకునేవారికి నా సలహా జీడబ్ల్యూఎక్స్. దాని కోసం తయారైన చిన్న మోడ్లు ఎక్కువ, వందల పేజీల మాన్యువల్ కూడా వెంట వస్తుంది. ఓపిక ఉండి, ఒకే ఓడ వెంట రాత్రంతా తిరగడం ఇష్టమైతే ఎన్‌వైజీఎమ్ మీకు ఇంకా బాగా నచ్చవచ్చు. ఏదైనా ఒక్కటే. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇవి వందల ఫైళ్లను మారుస్తాయి కాబట్టి ఒకదాని మీద మరొకటి వేస్తే రెండూ చెడతాయి.

ఇంకొక మాట. 7సీ రకం యూ-బోట్ నీటి అడుగున 7.6 నాట్ల వేగానికి మించి పోలేదు. ఆ వేగంతో బ్యాటరీ ఎక్కువసేపు నిలవదు. ఈ పరిమితిని ఎత్తివేసే 'సూపర్ సబ్‌మెరైన్' మోడ్లు దొరుకుతాయి. అవి వేసుకున్నాక ఆట ఎందుకు చప్పగా మారిందా అని ఆశ్చర్యపోవద్దు.

## శుభ్రమైన పునాది

పెద్ద మోడ్లు ఆటకు 1.4బీ ప్యాచ్ (ఆట విడుదలయ్యాక వచ్చిన సవరణ) ఉందని నమ్మి తయారైనవి. మీ దగ్గర ఉన్నది ఏ వెర్షనో ముందుగా చూసుకోండి. పాత డిస్క్ అయితే స్టార్‌ఫోర్స్ అనే కాపీ రక్షణ కొత్త విండోస్‌లో మొండికేస్తుంది. దానితో కుస్తీ పట్టడం కన్నా డిజిటల్ కాపీ కొనుక్కోవడం సుఖం.

తర్వాత ఆట ఎక్కడ ఉండాలన్నది. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో మాత్రం వద్దు. విస్టా నుంచి విండోస్ ఆ ఫోల్డర్‌కు కాపలా కాస్తుంది. పాత ప్రోగ్రామ్ ఏదైనా అందులో ఫైలు రాయబోతే, నిర్వాహకుడి అనుమతి లేకపోతే ఆ రాతను గుట్టుగా వర్చువల్‌స్టోర్ అనే మరో చోటికి మళ్లిస్తుంది. ఇక ఒకే ఫైలుకు రెండు రూపాలు. మీరు తెరిచి చూసేది ఒకటి, ఆట చదివేది ఇంకొకటి. మోడ్ వేసినా ఏమీ మారలేదనే ఫిర్యాదుల్లో చాలా వాటి మూలం ఇదే. డ్రైవ్‌లో నేరుగా గేమ్స్ అనే ఫోల్డర్ చేసుకుని ఆటను అక్కడ పెట్టండి. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం వాడేవారు లైబ్రరీ ఫోల్డర్‌నే అలాంటి చోట ఏర్పాటు చేసుకోవచ్చు.

ఇన్‌స్టాల్ అయ్యాక మోడ్ లేకుండా ఒకసారి ఆట తెరిచి, రేవు దాటి కాసేపు తిరిగి, బయటికి రండి. సరిగ్గా నడిస్తే ఆ మొత్తం ఫోల్డర్‌ను మరో చోట కాపీ చేసి 'మూల ఆట' అని పేరు పెట్టండి. తర్వాత ఏం పాడైనా మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పని ఉండదు, ఈ కాపీనే తెచ్చుకుంటే సరి. డాక్యుమెంట్స్‌లో ఎస్‌హెచ్3 పేరుతో ఉన్న ఫోల్డర్లో సేవ్‌లు ఉంటాయి. పెద్ద మోడ్ వేసేముందు దాన్ని కూడా పక్కకు తీసి, కొత్త కెరీర్‌తోనే (ఒకే కమాండర్‌గా గస్తీ తర్వాత గస్తీ సాగే ఆట) మొదలుపెట్టండి. పాత కెరీర్‌ను కొత్త మోడ్‌లోకి లాక్కురావడం ఎప్పుడూ బెడిసికొడుతుంది.

## పెద్ద మోడ్‌ను దింపడం

జీడబ్ల్యూఎక్స్ తన సొంత ఇన్‌స్టాలర్‌తో, కొన్ని ముక్కలుగా వస్తుంది. ముక్కలన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టి ఇన్‌స్టాలర్ నడపండి. అది తనకు తెలిసిన పాత దారినే చూపిస్తుంది కాబట్టి మీ ఆట నిజంగా ఉన్న ఫోల్డర్‌ను మీరే ఎంచుకోవాలి. గుడ్డిగా తర్వాతి బటన్ నొక్కుకుంటూ పోతే మోడ్ అంతా ఎవరికీ పనికిరాని చోట దిగుతుంది.

ఇది 32-బిట్ ఆట కాబట్టి మామూలుగా 2 జీబీకి మించి మెమరీ వాడుకోలేదు. 64-బిట్ విండోస్ ఉంటే 4 జీబీ ప్యాచ్ అనే చిన్న సాధనంతో ఆట ఎగ్జిక్యూటబుల్ ఫైలును (ఆటను నడిపే అసలు ఫైలును) సవరించి ఆ హద్దును 4 జీబీకి పెంచవచ్చు. ఇంతటి భారీ మోడ్‌కు ఇది దాదాపు తప్పనిసరి. మరమ్మతు సమయం, హైడ్రోఫోన్ (నీటి అడుగు శబ్దాలు వినే పరికరం) వంటి వాటిని ఎగ్జిక్యూటబుల్ లోపలే మార్చే ప్యాచ్‌లు కూడా ఉన్నాయి. అవి ఫలానా వెర్షన్ ఫైలు మీదే పనిచేస్తాయి. అసలు ఫైలుకు నకలు తీసి దాచుకోకుండా వాటి జోలికి పోవద్దు.

మొదటిసారి కెరీర్ లోడ్ అవుతుంటే నిమిషాలు గడుస్తాయి. తెర కదలకుండా ఉండిపోయిందని తొందరపడి ఆటను మూసేయకండి. ప్రపంచం నిండా ఉన్న ఓడలను అది లెక్క వేసుకుంటోంది.

ఇక్కడ ఆగి ఒక గస్తీ తిరిగి రండి. పునాది నిలిచిందని తేలాకే చిన్న మోడ్ల మాట.

## మోడ్ మేనేజర్

జేఎస్‌జీఎంఈ అనే చిన్న ప్రోగ్రామ్ ఈ ఆటగాళ్లందరికీ కుడిచెయ్యి. జీడబ్ల్యూఎక్స్‌తో పాటే వస్తుంది. ఆట ఫోల్డర్లోనే కూర్చుని, మోడ్స్ అనే ఉప ఫోల్డర్ ఏర్పాటు చేసుకుంటుంది. మీరు దించుకున్న మోడ్లను విప్పి అందులో పెట్టాలి. మేనేజర్ తెరిస్తే ఎడమ పక్కన దొరికే మోడ్లు, కుడి పక్కన పనిలో ఉన్న మోడ్లు కనిపిస్తాయి. ఒకదాన్ని కుడివైపుకు పంపగానే అది మార్చబోయే అసలు ఫైళ్లను దాచిపెట్టి, కొత్తవాటిని వాటి స్థానంలో పెడుతుంది. ఎడమవైపుకు తెస్తే దాచినవి తిరిగి వస్తాయి. ఆ దాచిన ఫోల్డర్‌ను, స్థలం కలిసొస్తుందని చెప్పి ఎప్పుడూ తుడిచేయకూడదు.

అతి మామూలు పొరపాటు ఫోల్డర్ లోపల ఫోల్డర్. జిప్ ఫైలును విప్పినప్పుడు మోడ్ పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల మళ్లీ అదే పేరుతో ఇంకొకటి, ఆ లోపల డేటా ఉంటాయి. మేనేజర్‌కు ఇది తెలియదు. అది మోడ్ ఫోల్డర్లో మొదట కనిపించినదాన్ని ఉన్నదున్నట్టు ఆట ఫోల్డర్లోకి కాపీ చేస్తుంది. దాంతో ఆట ఫోల్డర్లో డేటా పక్కనే మోడ్ పేరుతో ఒక అనాథ ఫోల్డర్ వెలుస్తుంది. ఆట దాన్ని కన్నెత్తి చూడదు. కాబట్టి ఏ మోడ్‌నైనా పనిలో పెట్టేముందు దాని ఫోల్డర్ ఒకసారి తెరవండి. మొదట కనపడేది డేటా ఫోల్డరే కావాలి. మధ్యలో మరో ఫోల్డర్ ఉంటే డేటాను పైకి లాగండి. కొన్ని మోడ్లలో రెండు మూడు రకాలు వేర్వేరు ఫోల్డర్లలో ఉండి, మీరు ఒకటి ఎంచుకోవలసి ఉంటుంది. ఆ సంగతి వెంట వచ్చిన రీడ్‌మీ ఫైలులో ఉంటుంది. దాన్ని చదవనివారికి ఏ మార్గదర్శీ పనికిరాదు.

## చిన్న మోడ్లు, వాటి వరుస

నేను పాటించే క్రమం ఇది. పెద్ద మోడ్ తర్వాత కొత్త ఓడల మోడ్లు, వాటిపైన క్యాంపెయిన్‌ను మార్చేవి, ఆ పైన సముద్రం, ఆకాశం, తర్వాత శబ్దాలు, చివర్లో తెర మీది మీటలూ గడియారాలూ. బొమ్మలూ శబ్దాలూ చెడితే చూడటానికో వినడానికో బాగుండదు, అంతే. క్యాంపెయిన్ చెడితే ఆటే కూలుతుంది. అందుకే కూల్చగలవి కింద ఉంటే ముందే బయటపడతాయి.

ఓడల మోడ్‌కు క్యాంపెయిన్‌తో విడదీయరాని బంధం ఉంది. ఓడ బొమ్మ సీ ఫోల్డర్లో ఉంటే చాలదు. ఏ దేశానికి ఆ ఓడ ఉంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా తిరుగుతుంది అన్నది రోస్టర్ ఫోల్డర్లో రాసి ఉండాలి. క్యాంపెయిన్ ఫైలు ఒక ఓడను పేరు పెట్టి పిలిచినప్పుడు అది రోస్టర్‌లో లేకపోతే ఆట లోడ్ అవుతూనే డెస్క్‌టాప్‌కు పడిపోతుంది. కాబట్టి ఓడలను చేర్చి, వాటిని వాడే క్యాంపెయిన్ పనిలో ఉండగానే ఓడల మోడ్‌ను తీసేయడమంటే కోరి గుంటలో పడటమే.

సముద్రం మోడ్లలో చూపు దూరం సంగతి గమనించండి. మూల ఆటలో చూపు 8 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. జీడబ్ల్యూఎక్స్‌తో పాటు 16 కిలోమీటర్ల వాతావరణం ఐచ్ఛిక మోడ్‌గా వస్తుంది. దిగంతంలో పొగగొట్టాలు ముందే కనపడటం బాగానే ఉంటుంది. కానీ అవతలి కావలివాళ్లకూ మీరు అంతే ముందుగా కనపడతారు. కంప్యూటర్ మీదా భారం పెరుగుతుంది.

అసలు చిక్కంతా తెర మోడ్లతోనే. ఆట తెర మీది ప్రతి బొమ్మా ఎక్కడ, ఎంత కొలతలో ఉండాలో మెనూ ఫోల్డర్లోని మెనూ_1024_768 అనే ఒకే ఒక్క పాఠ్య ఫైలులో రాసి ఉంటుంది. మీరు ముందు పెద్ద పెరిస్కోప్ గడియారం మోడ్ వేశారనుకుందాం. తర్వాత అధికారుల బొమ్మలను పక్కకు జరిపే మరో మోడ్ వేస్తున్నారు. మేనేజర్ వెంటనే ఒక కిటికీ తెరిచి, ఈ ఫైలును ఫలానా మోడ్ ఇప్పటికే మార్చింది, అయినా కానివ్వమంటారా అని అడుగుతుంది. సరే అన్నారా, గడియారం బొమ్మ ఫైలు మెనూ ఫోల్డర్లో అలాగే ఉంటుంది, కానీ దాన్ని ఎక్కడ చూపించాలో చెప్పే వరుసలు పోయాయి. గస్తీకి వెళ్లి పెరిస్కోప్ ఎత్తితే గడియారం మాయం.

అలాంటప్పుడు మూడు దారులు. ఆ రెండూ ముందే కలిపిన మోడ్ ఎవరైనా చేశారేమో చూడటం మొదటిది. రెంటిలో ఒకటి వదులుకోవడం రెండోది. మూడోది విన్‌మెర్జ్ వంటి సాధనంలో రెండు ఫైళ్లనూ పక్కపక్కన తెరిచి, గడియారం వరుసలను చేతితో రెండో ఫైలులోకి చేర్చడం. ఇందులో ఒకే గుర్తింపు సంఖ్య రెండు బొమ్మలకు పడకుండా చూసుకోవాలి. ఓపిక ఉన్నవారికి ఈ మూడోదే సంతృప్తినిస్తుంది.

శబ్దాలకు కూడా ఈ హెచ్చరిక వస్తుంది గానీ దానికి భయపడనవసరం లేదు. రెండు మోడ్లూ ఒకే పేలుడు శబ్దాన్ని మారిస్తే మీకు వినిపించేది రెండోది, అంతకు మించి ఏమీ కాదు. హెచ్చరిక వచ్చిన ఫైలు పేరు చదివి, అది దేనికి సంబంధించిందో చూసి నిర్ణయించుకోండి.

## కమాండర్ వాడేవారికి

ఎస్‌హెచ్3 కమాండర్ అనేది ఆటను బయటి నుంచి నడిపే ప్రోగ్రామ్. రేవులో గడిపే రోజులు, సిబ్బంది పేర్లు, యంత్రాలు అనుకోకుండా మొరాయించడం వంటివి చేరుస్తుంది. ఆట మొదలయ్యేముందు కొన్ని ఫైళ్లను మార్చి, మీరు ఆట మూసేయగానే వాటిని యథాస్థితికి తెస్తుంది. ఆట మధ్యలో కూలితే ఈ వెనక్కి తేవడం జరగకుండా ఆగిపోవచ్చు. ఆ స్థితిలో మోడ్ మేనేజర్‌ను తెరిచి ఏదైనా మార్చారో, మార్పులు పడ్డ ఫైళ్లనే అది అసలు ఫైళ్లనుకుని దాచిపెడుతుంది. ఆ మురికి ఇక ఎప్పటికీ వదలదు. ముందు కమాండర్‌లో రోల్‌బ్యాక్ నొక్కండి, ఆ తర్వాతే మేనేజర్.

## పరీక్షించడం

ఒక మోడ్ వేయండి, ఆట తెరవండి, చూడండి, మూయండి. తర్వాతే ఇంకొకటి. ఓడల మోడ్ అయితే ఆటలోని మ్యూజియంలోకి వెళ్లి కొత్త ఓడలను ఒక్కొక్కటే తిప్పి చూడండి. చెడిన ఓడ ఉంటే అక్కడే ఆట ఆగిపోతుంది, నడిసముద్రంలో గస్తీ పోగొట్టుకునే బాధ తప్పుతుంది. క్యాంపెయిన్ మారితే 1939లో ఒక కెరీర్, 1943లో ఒక కెరీర్ మొదలుపెట్టి రెండూ రేవు దాటుతున్నాయో లేదో చూడాలి. తొలి ఏడాది బాగానే నడిచి, ఫలానా నెల రాగానే కూలే మోడ్లు అరుదేమీ కాదు.

అన్నీ కుదిరాక మేనేజర్‌లో ఉన్న సౌకర్యంతో, పనిలో ఉన్న మోడ్ల జాబితాను పాఠ్య ఫైలుగా దాచుకోండి. వరుసతో సహా వస్తుంది. రేపు ఎవరినైనా సాయం అడిగితే వారు మొదట అడిగేది ఆ జాబితానే.

## సేవ్‌లు

సముద్రం మీద ఉండగా మోడ్లు మార్చవద్దు. గస్తీ ముగించి, స్థావరానికి చేరి, అక్కడ సేవ్ అయ్యాక మాత్రమే ఏదైనా చేర్చాలి, తీయాలి. గస్తీలో సేవ్ చేసుకోవలసి వస్తే నీటి పైకి వచ్చి, చుట్టుపక్కల ఓడలూ విమానాలూ లేనప్పుడు చేయండి. నీటి అడుగున, డిస్ట్రాయర్లు (జలాంతర్గాములను వేటాడే యుద్ధనౌకలు) తలపై తిరుగుతుండగా చేసిన సేవ్ తర్వాత తెరుచుకోకపోవడం ఈ ఆట పుట్టుకతో వచ్చిన జబ్బు. ఒకే పేరు మీద మళ్లీ మళ్లీ సేవ్ చేయకుండా ప్రతిసారీ కొత్త పేరు పెట్టడం కూడా మంచిదే.

రెండు పెద్ద మోడ్లూ ఆడాలన్న కోరిక ఉంటే దానికీ మార్గముంది. 'మూల ఆట' కాపీ నుంచి ఇంకో ఫోల్డర్ చేసుకుని అందులో రెండో మోడ్ వేయండి. మల్టీఎస్‌హెచ్3 అనే సాధనంతో దాని సేవ్ ఫోల్డర్ పేరు మార్చండి. అప్పుడు ఒకదాని కెరీర్లు ఇంకొకదానితో కలవవు.

## కూలినప్పుడు

ముందు ఎప్పుడు కూలిందో గమనించండి. ఆట తెరుస్తూనే పడిపోతే మెనూ ఫైళ్లను అనుమానించాలి. కెరీర్ లోడ్ అవుతుండగా అయితే ఓడలు, రోస్టర్, క్యాంపెయిన్. గంటల తర్వాత, పెద్ద రేవు దగ్గరపడుతుండగా అయితే మెమరీ. అలాంటి చోట కాలాన్ని వేగంగా నడపడం తగ్గించి చూడండి. కారణం అంతుపట్టకపోతే మోడ్ల జాబితాలో చివర వేసిన సగం తీసేసి ఆడండి. అప్పుడు బాగుంటే దోషం ఆ తీసిన సగంలో ఉంది. అందులో మళ్లీ సగం వేసి చూడండి. ఇరవై మోడ్లున్నా నాలుగైదు విడతల్లో దొంగ దొరుకుతాడు. తీసేటప్పుడు చివర వేసినదాన్ని ముందు తీయాలి. ఒక మోడ్ పేరు మసకబారి కదలకపోతే దాని మీద మరో మోడ్ ఎక్కి ఉందని అర్థం.

## ఇతర ఆటల్లో

సైలెంట్ హంటర్ 4 పసిఫిక్‌లో అమెరికన్ జలాంతర్గాముల ఆట. పద్ధతంతా ఇదే, మేనేజరూ ఇదే. వెర్షన్ దగ్గర మాత్రం జాగ్రత్త. యూ-బోట్ మిషన్స్ అనే అదనపు భాగం ఉంటేనే అది 1.5 అవుతుంది, లేకపోతే 1.4 దగ్గరే ఆగుతుంది. ట్రిగ్గర్ మారు, రియల్ ఫ్లీట్ బోట్స్, ఫాల్ ఆఫ్ ది రైజింగ్ సన్ అల్టిమేట్ వంటి పెద్ద మోడ్లకు 1.5 కావాలి. రన్ సైలెంట్ రన్ డీప్ అనే క్యాంపెయిన్ మోడ్‌కు ఏ పెద్ద మోడ్ కింద ఉందో దాన్ని బట్టి వేర్వేరు రూపాలున్నాయి. మీ పునాదికి సరిపోయినదే తీసుకోండి. సైలెంట్ హంటర్ 5కు వుల్వ్స్ ఆఫ్ స్టీల్ ఒక్కటి చాలు. అది లేకుండా ఆ ఆటను సిఫారసు చేయను.

2017లో వచ్చిన కోల్డ్ వాటర్స్‌లో మోడ్లకు ఓవర్‌రైడ్ అనే ఫోల్డర్ ఉంది. అందులో ఉన్నది ఆట ముందు చదువుతుంది, అసలు ఫైళ్లు చెక్కుచెదరవు. ఆ ఫోల్డర్ ఖాళీ చేస్తే మోడ్ పోయినట్టే. యూబోట్ అనే ఆటకు స్టీమ్ వర్క్‌షాప్ ఉంది కాబట్టి ఒక నొక్కుతో మోడ్ దిగుతుంది. అయితే ఆట కొత్త వెర్షన్‌కు మారిన రోజున పాత మోడ్లు మొరాయిస్తాయి. కెరీర్ మధ్యలో ఉంటే స్టీమ్‌లో ఆ ఆటకు ఆటోమేటిక్ అప్‌డేట్‌ను, ఆట తెరిచినప్పుడే జరిగేలా మార్చుకుని, మోడ్లు సర్దుకునేదాకా ఆగండి. ఇక సైలెంట్ హంటర్‌ను స్టీమ్‌లో ఆడేవారు ఫైళ్ల తనిఖీ బటన్ నొక్కేముందు మేనేజర్‌లో మోడ్లన్నీ చివరి నుంచి మొదటికి తీసేయండి. లేకపోతే అది మీ మోడ్ ఫైళ్లను చెడినవనుకుని అసలువాటిని తెచ్చి పెడుతుంది. మేనేజర్ మాత్రం మోడ్లు ఇంకా పనిలో ఉన్నాయనే చూపిస్తుంటుంది.